తగదను మాట తగదు

మన పల్లెలలోను పట్టణములలోను సాముసేయు పిల్లలు నేడు కనబడుచున్నారు. కరాటే యనియు, జూడో యనియు, బాక్సింగు అనియు పేరులు వేరైనను, మన పూర్వులు కుస్తీ, కర్రసాము, కత్తిసాము, గరిడీ అని పిలిచిన విద్యలకు ఇవి దాయాదులే. ఇది సంతోషింపదగిన సంగతియే. కాని చేరినవారిలో రెండు మూడు నెలలు తిరుగకముందే మానివేయువారు ఎందరో యీ విద్య నేర్పు ప్రతి గురువునకును తెలియును. మానిన పిల్లలను కారణమడిగినచో, బద్ధకము చేత మానితినని చెప్పువారు అరుదు. "ఈ విద్య నాకు తగదు" అని చెప్పువారే మెండు. ఒకనికి కాళ్లు పొట్టివి. ఒకతెకు చేతులు సన్ననివి. ఒకనికి ఊపిరి చాలదు. వేరొకనికి గురువు కుడి యనినప్పుడు ఎడమ లేచును. ఈ మాట విని తల్లిదండ్రులు తలయూపుదురు. గురువు మిన్నకుండును. ఇట్లు ముగ్గురును ఏకమై యొక పసిదేహముపై తీర్పు వ్రాసి, దానికి విధి యని పేరు పెట్టుదురు. ఈ తీర్పు నిజము కాదనియు, న్యాయము కాదనియు, పిల్లలకే గాక సంఘమునకును చేటు కలిగించుననియు చూపుటయే యీ వ్యాసమునందలి ఉద్దేశము.

మొట్టమొదట ఈ విద్యలు ఎవరి యవసరమునకై పుట్టినవో విచారింతము. జూడో విద్యను కల్పించిన జిగోరో కానో 1860వ సంవత్సరమున జపానునందు జన్మించెను. అతని పొడుగు అయిదడుగుల రెండంగుళములకు అటునిటు మాత్రమే. పాఠశాలలో బలిష్ఠులైన తోడివారి చేతులలో బాధపడి, ఆ బాధ తొలగించుకొనుటకై 1877లో జుజుత్సు గురువు నొకని నాశ్రయించెను. తనకంటె మిక్కిలి బరువైన సహాధ్యాయిని ఎట్లును పడగొట్టలేక, గ్రంథములు వెదకి, అన్యదేశపు మల్లుల పట్లను సైతము చదివి, ప్రత్యర్థిని భుజములపై కెత్తి పడవేయు పట్టునొకదానిని సాధించెను. 1882లో టోక్యో నగరమునందలి ఎయిషోజి యను బౌద్ధాలయములో, పండ్రెండు చాపలు పరచిన గదిలో, కొడోకాన్ అను శిక్షణశాలను నెలకొల్పెను. తొలి యేట చేరిన శిష్యులు పట్టుమని పదిమంది లేరు. ఆ చాపల గదిలో మొదలైన విద్య 1964లో ఒలింపిక్ క్రీడలలో చేర్చబడెను.

కరాటేను ఒకినావా ద్వీపమునుండి టోక్యోకు 1922లో తెచ్చి లోకమునకు వెల్లడించిన గిచిన్ ఫునాకోషి 1868లో నెలలు నిండక పుట్టిన బిడ్డ. ఈ రోగిష్ఠి బాలుడు ఎక్కువకాలము బ్రతుకడని చుట్టపక్కాలు తలచిరట. ఆయన ఎనుబదియెనిమిదేండ్లు జీవించి 1957లో గతించెను.

ఈ రెండు చరిత్రములు యాదృచ్ఛికములు కావు. ఒక్క దెబ్బతో ఎదుటివానిని నేల గరపగల దేహము కలవానికి పట్లు వెదకవలసిన పని లేదు. తూకము తప్పించుట, ఎదుటివాని బలమును వానిమీదికే మరల్చుట, అడుగు వేయు క్షణమును కనిపెట్టుట మొదలైన యుపాయములన్నియు బలహీనుని యవసరమునుండి పుట్టినవి. కావున "నేను బలహీనుడను, నాకు సాము తగదు" అనువాడు "నేను రోగిని, నాకు మందు తగదు" అనువానితో సమానుడు. ఆకలిగొన్నవాడు అన్నము తనకు చెల్లదని లేచిపోవుట వంటిదే ఇదియు.

తగుట, తగమి అను నీ విభాగము దేహములను పరీక్షించి చేసినదని కొందరు నమ్ముచున్నారు. చరిత్రము వేరొక సంగతిని తెలుపుచున్నది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆంగ్ల ప్రభువులు ఈ దేశపు ప్రజలను యోధజాతులనియు, యోధజాతులు కానివారనియు రెండు రాసులు పోసిరి. 1881 నుండి 1885 వరకు మద్రాసు సేనకును, పిమ్మట 1893 వరకు భారతసేనకును అధిపతియైయుండిన ఫ్రెడరిక్ రాబర్ట్సు దక్షిణదేశపు సిపాయి యుద్ధమునకు కొరగాడని నిశ్చయించి, ఉత్తరపు జాతులనే సేనలో నింపవలెనని పట్టుబట్టెను. 1897లో వెలువడిన తన స్వీయచరిత్రమునందు ఆ మాటను దాచక వ్రాసెను. కుంపిణీ వారికి మైసూరు యుద్ధములలోను, బర్మా యుద్ధములలోను విజయములు సంపాదించి యిచ్చినవారిలో ఈ మద్రాసు సిపాయిలే యుండిరను సంగతి అతనికి అడ్డు రాలేదు. తెలుగువారి చేరిక నానాటికి క్షీణించెను. తరువాత నేమి జరిగెను? రెండవ ప్రపంచయుద్ధము వచ్చి మనుష్యులు చాలకపోగా, ఆ దక్షిణమునుండియే వేలకొలదిగా యువకులను చేర్చుకొనిరి; మద్రాసు రెజిమెంటును మరల నిలబెట్టిరి. ఈ నడిమి యేబదియేండ్లలో తెలుగువాని ఎముక మారెనా? రక్తము మారెనా? మారినది పాలకుని యవసరము మాత్రమే. అవసరము లేనప్పుడు తగనివాడు, అవసరము కలిగినప్పుడు తగినవాడు! ఇట్టి తూనికరాళ్లను నమ్మి మన బిడ్డలను తూచుకొనుట ఎంత యవివేకము!

ఇచ్చోడ ప్రాంతము నాడు ఆంగ్లేయుల ప్రత్యక్షపాలనలో లేదు, నిజాము రాజ్యములోనిది. ఆ యదిలాబాదు అడవులలోని గోండు రైతులను యోధులని యెవరును ఏ పట్టికలోను వ్రాయలేదు. జోడేఘాటులో కొమురం భీముతో కలిసి నిలిచినవారు దుక్కి దున్నుకొనువారు, పోడు కొట్టుకొనువారు. భూమికొరకును అడవికొరకును నిజాము పోలీసుల తుపాకుల కెదురు నిలిచి 1940లో భీము నేలకొరిగెను. వారి ఛాతీ కొలత నెవరు తీసిరి? వారి యెత్తు నెవరు చూసిరి? నేడు మనము భీమునకు శిలావిగ్రహములు నిలుపుచున్నాము. ఆ విగ్రహములలో కండలు తిరిగిన దేహమును చెక్కించుచున్నాము. ఆ కండలు చూచిన పేదబాలుడు "నేను ఇట్లు లేను గదా" యని వెనుకకు తగ్గినచో, విగ్రహము నిలిపిన ఫలము తలక్రిందులైనట్లే.

తగమిని పుట్టుకకు ముడిపెట్టు దుర్బుద్ధి ఆంగ్లేయులతో వచ్చినది కాదు. అది మన యింటి సొత్తు. భారతకథలో ద్రోణుడు నిషాదబాలుని త్రిప్పిపంపినప్పుడు వాని చేతికి విల్లిచ్చి పరీక్షించెనా? లేదు. కులమడిగెను, చాలుననెను. ఆ బాలుడు అడవిలో మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని యొంటరిగా సాధనచేసి, రాజకుమారులను మించెను. కథ చదివి మనమందరమును బొటనవ్రేలి కొరకు కంటతడి పెట్టుదుము. కాని వ్రేలు కోయించుకొనుటకంటె ముందు జరిగిన యన్యాయమును, అనగా పరీక్షింపకయే "నీకు తగదు" అను మాటను, మనము ప్రతిదినము మన బడులలో పలుకుచున్నాము. ఆడపిల్లతో పలుకుచున్నాము. కళ్లద్దములు పెట్టుకొన్న పిల్లవానితో పలుకుచున్నాము. గూడెమునుండి వచ్చిన బాలునితో మాత్రము దీనినే తిరుగవేసి, "మీరు అడవివారు, మీకు బలము పుట్టుకతోనే వచ్చును" అని పలుకుచున్నాము. ఈ రెండవ మాట పొగడ్త వలె వినబడును గాని ఇదియు విషమే. పుట్టుకతో బలము రావలెనని చెప్పబడిన గోండుబాలుడు మొదటి కుస్తీలో ఓడినప్పుడు, తన కులమునకే తలవంపు తెచ్చితినని తలచి మరల మైదానమునకు రాడు. పొగడ్తయైనను తెగడ్తయైనను పుట్టుకను బట్టి చేసినది పిల్లవాని శ్రమను దోచుకొనును.

ఇక మన కాలపు నిదర్శనములు చూతము. శ్రీకాకుళపు జిల్లా వూసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి చిన్ననాట అక్కచెల్లెండ్రతో కలిసి బరువులెత్తు విద్యకు పోగా, సన్నగా నున్నదని, బలము చాలదని మొదట ఆమెను కాదనిరని ఆమె కథ చెప్పువారందరును చెప్పుదురు. 2000వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ నగరమున ఆమె మొత్తము 240 కిలోగ్రాములెత్తి కంచుపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ వనిత ఆమెయే. కాదనిన చూపు ఆ దినమునాటి చేతులను చూచినది. రానున్న పదేండ్ల సాధనను అది చూడజాలకపోయెను.

గోదావరికి ఆవలి గట్టున, మనకు పొరుగైన నిజామాబాదులో, నిఖత్ జరీన్ కలదు. బాక్సింగు ఆడపిల్లలకు తగదని లోకము చెప్పుచుండగా తండ్రి చేయిపట్టుకొని బరిలో దిగిన బాలిక. 2011లో బాలికల ప్రపంచ విజేత యయ్యెను. అంతటితో కథ ముగిసినచో "పుట్టుకతోనే వచ్చిన ప్రతిభ" యని మన విమర్శకులు తప్పించుకొందురు. కాని కథ ముగియలేదు. 2017లో భుజము తప్పి, శస్త్రచికిత్స జరిగి, కొంతకాలము బరికే దూరమయ్యెను. 2019 చివర ఒలింపిక్ అర్హతపోటీల యెంపికలో మేరీ కోమ్ చేతిలో ఓడెను. టోక్యో ఒలింపిక్స్ ఆమె లేకయే జరిగిపోయెను. 2022 మే నెలలో ఇస్తాంబులు నగరమున 52 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో మరల గెలిచెను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకము చేరకయే ఓడెను. బాలికల విజయమునకును ప్రపంచ విజయమునకును నడుమ పదునొకండేండ్లు గడచినవి. ఆ పదునొకండేండ్లలో "నాకు తగదేమో" అని తలచుటకు చాలినన్ని కారణములు ఆమెకు దొరకినవి. మన బిడ్డ మూడవ వారమున తలచు తలపునే గదా అది?

ఇచ్చట ప్రతివాది లేచి, "దేహములలో భేదము లేదందువా? అందరును ప్రపంచవిజేతలు కాగలరా?" అని అడుగును. భేదము లేదనుట మూర్ఖత. ఎముక పొడవు, ఊపిరితిత్తుల పరిమాణము, కండరముల స్వభావము ఒక్కొక్కరికి ఒక్కొక్కతీరుగా నుండును. శిఖరమునకు పోయినకొలది ఈ భేదములు లెక్కకు వచ్చును. అందరును విజేతలు కారు. కాని మన ప్రశ్న విజేతలను గూర్చినది కాదు. పాటపాడు ప్రతివాడును త్యాగరాజు కాడని పాటను మానుదుమా? అక్షరము నేర్చిన ప్రతివాడును కవి కాడని బడిని మూయుదుమా? దేహభేదములను ఈ విద్యలు మనకంటె ముందే గుర్తించినవి. బాక్సింగునందును, జూడోయందును, కుస్తీయందును బరువును బట్టి తరగతులు ఏర్పరచుట అందుకొరకే. నిఖత్ గెలిచినది యాబది కిలోల తరగతులలో. యాబది కిలోల దేహము పోరునకు తగదని చెప్పువాడు ఆమె యెదుట నిలిచి చెప్పవలెను.

మన మెచ్చుకోలునందు కూడ దోషము కలదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు 1942లో గతించువరకు కలియుగ భీముడను పేరుతో ప్రసిద్ధుడై, ఎదురురొమ్ముపై ఏనుగు నెక్కించుకొని జనులను దిగ్భ్రమ నొందించెను. ఆ మహాబలుని మనము నేటికిని కొనియాడుచున్నాము, కొనియాడవలసినదే. కాని ఏనుగును మోసిన రొమ్మును చూచి చప్పట్లు కొట్టు జాతి, ఆ రొమ్ము వెనుక వేకువజామున చేసిన దండెములను బస్కీలను లెక్కింపదు. వింత చూచుటకు అలవాటుపడిన కంటికి సాధన కనబడదు. రంగుపట్టీల వ్యామోహమును అట్టిదే. నల్లపట్టీ కట్టినవాడు విద్య ముగించినవాడని మనవారు తలచుచున్నారు. జపాను భాషలో ఆ తొలి నల్లపట్టీ హోదాకు షోదాన్ అని పేరు. దాని యర్థము మొదటి మెట్టు అని. వారు ఆరంభమని పిలుచుదానిని మనము ముగింపనుకొని, ఆ ముగింపు త్వరగా రానందుకు పిల్లవానిని తగనివాడనుచున్నాము.

అయినచో నిరుత్సాహము వచ్చినప్పుడు ఏమి చేయవలెను? "ఉత్సాహము తెచ్చుకొనుము" అని బోధించువారు పెక్కురు. ఈ బోధవలన ప్రయోజనము స్వల్పము. ఉత్సాహము చుట్టము వంటిది. వచ్చినప్పుడు ఆదరింపవలెను గాని దానిని నమ్ముకొని కాపురము చేయరాదు. కాపురము నడుపునది నియమము. ఈ సంగతిని తెలిసికొనుటకు ఇచ్చోడవారు దూరము పోనక్కరలేదు. ప్రక్కనే ఇంద్రవెల్లి మండలమున కేస్లాపూరు కలదు. పుష్యమాసపు అమావాస్యనాడు జరుగు నాగోబా మహాపూజకై మెస్రం వంశీయులు గోదావరి యొడ్డున హస్తినమడుగునుండి పవిత్రజలము తెచ్చుటకు పాదరక్షలు లేక పలుదినములు నడచిపోయి, నడచి వత్తురు. వారిలో ముసలివారుందురు, సన్ననివారుందురు, దమ్ము చాలనివారును ఉందురు. "ఈ యేడు నాకు నడకయందు ఉత్సాహము లేదు" అని గాని, "నా కాళ్లు నడకకు తగినవి కావు" అని గాని యెవరును ఇంట కూర్చుండరు. వారిని నడిపించునవి మూడు: తిథి ముందే నిర్ణయమైయుండుట, నలుగురు తోడుండుట, పని తన గొప్పకొరకు గాక తనకంటె పెద్దదైన దానికొరకగుట. సాధకునికి కావలసినవియు ఈ మూడే. వారమున ఏ దినములు, ఏ వేళ యని ముందే నిశ్చయించుకొనవలెను. ఒంటరిగా గాక తోడివానితో పోవలెను. తాను మేటి యగుటకొరకు గాక, నిర్భయముగా నడచుటకును, అవసరమైనచో పరుని రక్షించుటకును నేర్చుకొనుచున్నానని తలపవలెను.

శాస్త్రజ్ఞుల పరిశోధనలును దీనికి అనుకూలముగానే యున్నవి. బరువులతో సాధన మొదలుపెట్టినవారిలో తొలివారములందు పెరుగు బలము ప్రధానముగా నరముల నేర్పువలన కలుగుననియు, కండపెరుగుట పిమ్మట వచ్చుననియు మొరిటాని, డివ్రీస్ అను పండితులు 1979లో చూపిరి. అనగా అద్దములో ఏ మార్పును కనబడని వారములలోనే లోపల పని జరుగుచున్నది. నాటిన విత్తనమును దినదినము త్రవ్వి చూచు రైతు పంటను ఎట్లు పాడుచేసికొనునో, దినదినము అద్దము చూచు సాధకుడును అట్లే పాడుచేసికొనును. లండను నగరమున ఫిలిప్పా లాలీ మొదలగువారు 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన వ్యాసములో, ఒక చిన్నపని అలవాటుగా స్థిరపడుటకు సగటున 66 దినములు పట్టెననియు, మనిషిని బట్టి అది 18 నుండి 254 దినముల వరకు మారెననియు తేల్చిరి. నడుమ ఒకనాడు తప్పినంత మాత్రమున అలవాటు చెడలేదని కూడ వ్రాసిరి. ఇందు రెండు పాఠములు కలవు. ఒకనికి పదునెనిమిది దినములలో వచ్చినది వేరొకనికి ఎనిమిది నెలలకు రావచ్చును. ఆలస్యమునకు తగమి యని పేరు పెట్టరాదు. ఒకనాడు తప్పుట పతనము కాదు. తప్పిన మరునాడు సిగ్గుపడి పోకుండుటయే పతనము.

ఇప్పుడు ప్రభుత్వపు ఏర్పాటులను చూతము. సమగ్ర శిక్షా పథకమున, రాణీ లక్ష్మీబాయి పేర, ప్రభుత్వ పాఠశాలలలో ఆరు మొదలు పండ్రెండు తరగతుల బాలికలకు ఆత్మరక్షణ విద్య నేర్పుటకు ఏర్పాటు చేసినారు. ఆలోచన మెచ్చదగినది. కాని గడువు మూడు నెలలు. పాఠశాలకు నెల కిచ్చునది 5,000 రూపాయలు. మూడు నెలలలో ఎవరు నేర్చుకొందురు? త్వరగా పట్టుకొను నలుగురైదుగురు నేర్చుకొందురు. వారినే ముందువరుసలో నిలిపి, ప్రదర్శన చేయించి, ఛాయాచిత్రము తీయించి, లెక్క ముగింతురు. వెనుకవరుసలో నిలిచిన బాలిక, అడుగు తడబడిన బాలిక, పిడికిలి బిగించుటకే సిగ్గుపడిన బాలిక, మెల్లగా నేర్చుకొనబోవు సమయమునకు గురువు వెడలిపోవును. ఆమెకు మిగులునది విద్య కాదు. "నాకు తగదు" అను నమ్మకము. దారిలో వెంటబడువానిని ఎదుర్కొనవలసిన యవసరము ముందువరుస బాలికకంటె వెనుకవరుస బాలికకే హెచ్చు గదా! ఎవరికై విద్య యేర్పడినదో వారినే అది విడిచిపోవుచున్నది. రోగము ముదిరినవానిని విడిచి ఆరోగ్యవంతునికి మందు పోయు వైద్యశాలవంటిది ఈ పద్ధతి.

క్రీడాపాఠశాలల యెంపికయు విచారింపదగినది. నాలుగవ తరగతిలో చేరబోవు పసివారికి ఎత్తు, బరువు, పరుగు, దూకుడు మొదలైన పరీక్షలు పెట్టి కొలది మందిని గ్రహింతురు. స్థలములు కొన్నియే యైనప్పుడు ఎంపిక తప్పదు, దానిని తప్పుపట్టను. కాని తొమ్మిదేండ్ల పిల్లలలో ఎత్తును కొలుచుట తరచుగా వయస్సును కొలుచుటయే యగును. కెనడాలో బార్న్‌స్లీ మొదలగువారు 1985లో మంచుమీది హాకీ ఆటగాండ్ర జన్మమాసములు పరిశీలింపగా, యేడాది తొలినెలలలో పుట్టినవారే మిక్కిలిగా నుండిరి. కారణము సులభము. జనవరిలో పుట్టిన పిల్లవాడు డిసెంబరులో పుట్టినవానికంటె పదునొకండు నెలలు పెద్ద, పెద్దవాడగుటచే బలశాలిగా కనబడును, కనబడుటచే ఎంపికయగును, ఎంపికయగుటచే మంచి శిక్షణ పొందును, శిక్షణ పొందుటచే నిజముగానే బలశాలి యగును. తుదకు "చూచితిరా, మొదటనే కనిపెట్టితిమి" అని పెద్దలు మీసము దువ్వుదురు! వారు కనిపెట్టలేదు, తామే చేసిరి. ఎంపిక కాని పిల్లవానికి "నీవు ఓడితివి" అని గాక "స్థలము చాలలేదు, నీ యూరి మైదానమున సాధన చేయుము" అని చెప్పువాడొకడు కావలెను. చెప్పుటకు ముందు ఊరిలో మైదానమును, గురువును ఉండవలెను.

పెన్‌గంగ కావలనున్న విదర్భలో, అమరావతి పట్టణమున, హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి 1914లో స్థాపితమై యిప్పటికిని వెలయుచున్నది. ప్రజలు పూనుకొని నిలిపిన సంస్థ నూరేండ్లు దాటి నిలువగలదని అది చాటుచున్నది. పొరుగువారికి సాధ్యమైనది మనకేల సాధ్యము కారాదు? ఇచ్చోడ వంటి ప్రతి మండలకేంద్రమునను సాయంకాలము తలుపు తెరచియుండు సాముశాల యొకటి కావలెను. దానికి పాలరాతి గచ్చు అక్కరలేదు; మెత్తని మన్ను, నాలుగు దీపములు, నిత్యము వచ్చు గురువు చాలును. అందు ప్రవేశమునకు ఎత్తు కొలువరాదు, కులమడుగరాదు, ఆడ మగ యని త్రోసివేయరాదు.

గురువులకు ఒక్క మనవి. ముందువరుస వానికి మీరు లేకున్నను విద్య వచ్చును. మీ గురుత్వమునకు పరీక్ష వెనుకవరుస. తడబడు శిష్యుని అందరి యెదుట వెక్కిరించుట, ఎల్లప్పుడు బలిష్ఠునితోనే జతకట్టి దెబ్బలు తినిపించుట, దానికి గట్టిపరచుట యని పేరు పెట్టుట విద్య కాదు, హింస. కీళ్లనొప్పిని, తలకు తగిలిన దెబ్బను ఓర్చుకొమ్మనుట వీరత్వము కాదు. వైద్యునికి చూపవలసినదానిని చూపవలెను. శ్రమవలని నొప్పియు గాయమువలని నొప్పియు వేరని శిష్యునికి తొలినాడే తెలుపవలెను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. కొమార్తె మోచేతిమీది గీత చూచి "దీనిని ఎవరు పెండ్లాడుదురు" అని నిట్టూర్చుట మానుడు. పతకమెప్పుడని యడుగుట మానుడు. "ఈ దినము ఏమి నేర్చితివి" అని యడుగుడు, చాలును.

సాధకులైన బాలబాలికలారా! మీకు చెప్పవలసినది కొంచెమే. తొమ్మిది నెలలు తీర్పు నిలిపివేయుడు. ఒక చిన్న పుస్తకమున తేదీ వేసి, ఆనాడు ఎన్ని దండెములు తీసితిరో, ఏ పట్టు కొంచెము కుదిరెనో వ్రాయుడు. ప్రక్కవానితో పోల్చుకొనకుడు, గత నెలలోని మీ పుటతో పోల్చుకొనుడు. మనసు రానినాడు సగము సాధనయైనను చేయుడు, కాని మైదానమునకు పోవుట మానకుడు. తొమ్మిది నెలలు నిండిన పిమ్మట ఈ విద్య మీకు ఇష్టము కాదని తోచినచో మానుడు. వేరొక విద్యను చేపట్టుడు. అది మీ స్వాతంత్ర్యము. కాని ఇష్టము లేదని చెప్పి మానుడు. తగదని చెప్పి మానకుడు. ఇష్టము మీది. తగదను మాట మాత్రము ఇతరులు మీ నోట పెట్టినది. దానిని ఉమిసివేసి బరిలో దిగుడు.